వాచీ అందింది చిన్నా, పాటల పెట్టె మాత్రం ఉండనీ

రాజమండ్రి

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన వాచీ మంగళవారం అందింది. మీ నాన్నగారు ఆ పూటే పెట్టె విప్పి, ఛార్జింగు పెట్టి, ఫోనుతో కలిపి నా చేతికి కట్టారు. మూడు రోజులుగా గోదావరి గట్టు మీద నడకకి దాంతోనే వెళ్తున్నాను. ఎన్ని అడుగులు వేశానో, గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్తోంది. పోయిన వేసవిలో కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డ దగ్గర్నుంచి నీకు నిద్ర పట్టడం లేదని కోడలు చెప్పింది. అందుకే ఇది తీయను. స్నానానికీ ఛార్జింగుకీ తప్ప తీయనని నీకు మాట ఇస్తున్నాను.

అయితే ఆ రోజు ఫోన్లో నువ్వు ఇంకో మాట అన్నావు. "ఇంక ఆ పాత ప్లేయరు పక్కన పడెయ్యమ్మా, పాటలన్నీ వాచీలోకే వస్తాయి, ఆ బుల్లి పెట్టెల కాలం అయిపోయింది" అని. అప్పటికి సరేలే అన్నాను గానీ రెండు రోజులు అదే మనసులో తిరుగుతోంది. ఫోన్లో చెప్తే ఆఫీసు హడావిడిలో సగమే వింటావు. అందుకని కాయితం తీశాను.

ఆ మాట నువ్వు అనడమే నాకు ఆశ్చర్యం. 2011 దసరాకి నువ్వు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో నీ చేతికున్నది గడియారమనుకున్నాను. ఇంటికొచ్చాక విప్పి చూపించావు. అది ఆపిల్ వాళ్ల పాటల పెట్టె, ఐపాడ్ నానో. అంగుళంన్నర చదరపు తెర, వెనకాల క్లిప్పు, దానికో రబ్బరు పట్టీ. పాటలు, రేడియో, అడుగుల లెక్క, టైము, అన్నీ అందులోనే. ఆ పట్టీ కథ కూడా నువ్వే చెప్పావు. షికాగోలో స్కాట్ విల్సన్ అనే డిజైనరు, నానోని చేతికి కట్టుకునే పట్టీలు చేస్తానని 2010 చివర్లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటులో జనాన్ని 15,000 డాలర్లు అడిగాడు. 13,500 మందికి పైగా కలిసి 9,40,000 డాలర్లు దాటించి ఇచ్చారు. అంతమందికి పాటల పెట్టెని మణికట్టుకి కట్టుకోవాలనిపించింది. ఆపిల్ వాచీ పేరు బయటికి రావడానికి అది నాలుగేళ్ల ముందు మాట.

అంటే స్మార్ట్‌వాచీకి ఈ బుల్లి ప్లేయరు అక్కలాంటిది. చెల్లెలు పెద్దింటి కోడలైంది కదా అని అక్కని ఇంట్లోంచి పంపేస్తామా?

పంపేసిన మాట నిజమే. 2014 సెప్టెంబరులో ఆపిల్ తన వాచీని ప్రకటించిన రోజునే ఐపాడ్‌లలో క్లాసిక్ అనే రకం అమ్మకం ఆగిపోయింది. 2017 జూలైలో నానో, షఫుల్ రెండూ పోయాయి. 2022 మేలో ఐపాడ్ టచ్‌తో ఆ వంశమే అయిపోయింది. ఫోన్లోనే పాటలు ఉన్నప్పుడు వేరే పెట్టె ఎందుకని జనం కొనడం మానేశారు, కంపెనీ చేయడం మానేసింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఒక్క విషయం చూడు. 2010లో వచ్చిన నీ నానోలో 16 జీబీ పట్టేది, ఒకసారి ఛార్జి చేస్తే 24 గంటలు పాడేది. అయిదేళ్ల తర్వాత వచ్చిన మొదటి ఆపిల్ వాచీలో పాటలకి ఇచ్చిన చోటు 2 జీబీ. ఇప్పటి వాచీల్లో చోటుకి లోటు లేదు, ఒప్పుకుంటాను. అయినా ఆ వాచీ తెచ్చినవాళ్ల మనసులో పాట మొదటి పని కాదని అప్పుడే తెలిసిపోయింది.

నా పనికి వస్తాను. నా దగ్గర ఇప్పుడు పదకొండుమంది పిల్లలు సంగీతం నేర్చుకుంటున్నారు. పాఠం ఎలా సాగుతుందో నువ్వు చిన్నప్పుడు వసారాలో కూర్చుని చూసినవాడివే. ఒక సంగతి, అంటే పాటలో ఒక పంక్తిని మలిచే తీరు, పది సార్లు పాడి వినిపిస్తాను. ఇంటికెళ్లి వాళ్లు ఇరవై సార్లు వినాలి, ముప్ఫై సార్లు పాడాలి. ఆ ఇరవై సార్లు వినడానికి నువ్వు పడెయ్యమన్న ఆ పాత ప్లేయరు, నీ శాన్సా క్లిప్‌ని మించిన సాధనం నేను చూడలేదు. ఇంచుమించు అగ్గిపెట్టెంత ఉంటుంది. కొంగుకి తగిలించుకోవచ్చు. అందులో నువ్వు ఎక్కించిన రాక్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉందే, దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. ఎక్కడ మొదలవ్వాలో ఒకసారి, ఎక్కడ ఆగాలో ఒకసారి నొక్కితే ఆ ముక్కే తిరుగుతూ ఉంటుంది. వేగం తగ్గించినా శ్రుతి దిగదు. నా అయిదున్నర శ్రుతి అయిదున్నరగానే ఉండి, బిర్కాలు, అంటే వేగంగా దొర్లే స్వరాలు, మాత్రం నెమ్మదిగా, ఒక్కో స్వరం విడిగా వినపడతాయి. కాంభోజి రాగంలో గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, ఎక్కడ ఊగిందో, ఎక్కడ నిలిచిందో పిల్లలకి అలా తెలుస్తుంది. ఇంకోటి, ట్రాకుకీ ట్రాకుకీ మధ్య ఖాళీ రాదు. ఒకే ధారగా సాగే రాగం తానం పల్లవిని సీడీల వాళ్లు మూడు నాలుగు ముక్కలు చేస్తారు. మామూలు ప్లేయర్లలో ముక్క మారినప్పుడల్లా తంబుర ఠక్కున తెగుతుంది. నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఇందులో తెగదు.

ఆ రాక్‌బాక్స్‌ని 2001లో స్వీడన్‌లో కొంతమంది కుర్రాళ్లు, తాము కొన్న ప్లేయరులో కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ నచ్చక, సొంతంగా రాయడం మొదలుపెట్టారని చెప్పావు. డబ్బుకి కాదు, వాళ్ల సరదాకి. ఇన్నేళ్లయినా ఎవరో ఒకరు దాన్ని బాగు చేస్తూనే ఉన్నారన్నావు. వాళ్లకి కర్ణాటక సంగీతం అంటే ఏమిటో తెలిసి ఉండదు. రాజమండ్రిలో ఒక వసారాలో సరళీ స్వరాలు దాని మీద నడుస్తున్నాయని ఎవరైనా వాళ్లకి చెప్తే బావుండు.

ఇదంతా వాచీలో ఎందుకు రాదంటావు. కొంత రావచ్చు, నువ్వు తలుచుకుంటే యాప్ కూడా రాసేస్తావు. కానీ మూడు రోజుల్లో నాకు అర్థమైంది వేరే. నిన్న సాయంత్రం నడుస్తూ, మా టీచరుగారి తోడి రాగం ఆలాపన వాచీలోంచి చెవుల్లో పెట్టుకున్నాను. గాంధారం మీద ఆవిడ నిలబడింది. ఆ క్షణాన చెయ్యి జివ్వుమంది. బ్యాంకు మెసేజి. మళ్లీ రెండు నిమిషాలకి, చాలాసేపు కూర్చున్నావు లేచి నడువు అంది. నేను అప్పటిదాకా నడుస్తూనే ఉన్నాను, పాట కోసమని అప్పుడే కాసేపు మెట్ల మీద కూర్చున్నాను. ఆ జివ్వుమనడం ఆపుకోవచ్చని మీ నాన్నగారు చూపించారు. ఆపితే నీ ఫోనూ ఆగిపోతుంది కదా! మరి నువ్వు వాచీ పంపిందెందుకు? పిలవడం దాని పని. నేను పడిపోతే నిన్ను పిలవాలి, నువ్వు పిలిస్తే నాకు చెప్పాలి. అలాంటిది మౌనంగా ఉంటే పనికిరాదు. పాట వినిపించేదేమో మౌనంగానే ఉండాలి, మధ్యలో నోరెత్తకూడదు. ఈ రెండు పనులూ ఒక్క పెట్టెకి అప్పజెప్తే ఏదో ఒకటి చెడుతుంది. నాకు పెట్టెల సంగతి తెలియకపోవచ్చు, వినడం సంగతి తెలుసు.

ఇంకో చిన్న విషయం. క్లిప్ మీద మీటలు కళ్లు మూసుకుని నొక్కుతాను. చేతి వేళ్లకి పిండి అంటుకున్నా, వంట మధ్యలో ఉన్నా నొక్కుతాను. వాచీకి చూపు కావాలి, రెండో చెయ్యి కావాలి, ఆ చేతికి తడి ఉండకూడదు.

పాటలన్నీ యాప్‌లో ఉన్నాయన్నావు కదా, నేను వినే పాటలు ఏ యాప్‌లోనూ లేవు నాన్నా. 1984 నుంచి మా టీచరుగారి దగ్గర టేపు చేసుకున్న 62 క్యాసెట్లు. బీటెక్ రెండో ఏడాది వేసవి సెలవులంతా నువ్వు కంప్యూటరు ముందు కూర్చుని వాటిని ఎక్కించావు. గంట క్యాసెట్టు ఎక్కాలంటే గంట పడుతుంది, తొందర పెట్టడానికి లేదు. కొన్ని చోట్ల వెనకాల మీ తాతగారి దగ్గు వినపడుతుంది. ఒక చోట నువ్వు పాల కోసం ఏడుస్తున్నావు. అన్నీ కలిపి నాలుగు జీబీ కార్డులో పట్టాయి. నా సంగీతం మొత్తం వేలి గోరంత కార్డులో ఉందని ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకున్నాను, గుర్తుందా? ఆ కార్డు క్లిప్‌లో ఉంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. యాప్‌లో పాట అద్దె ఇల్లు లాంటిది. 2023లో జీ మ్యూజిక్ పాటలు స్పాటిఫైలోంచి వెళ్లిపోయాయి. 2024లో ఎయిర్‌టెల్ వాళ్లు వింక్ అనే తమ పాటల యాప్‌ని మూసేశారు. వాళ్ల వ్యాపారం వాళ్లది. నా టీచరుగారి గొంతు మాత్రం ఇంకొకరి వ్యాపారం మీద ఆధారపడి ఉండకూడదు.

మరి ఈ బుల్లి పెట్టెలకి ముందు ముందు రోజులున్నాయా అంటే, ఉన్నాయనే నా నమ్మకం. అమ్మ ప్రేమతో అంటోందనుకోకు. నీ ఇంట్లోనే చూడు. నువ్వు ఈతకి వెళ్లేటప్పుడు చెవులకి తగిలించుకునే సాధనం ఉంది కదా, పాటలు అందులోనే ఉంటాయన్నావు. ఎందుకని అడిగితే, బ్లూటూత్ తరంగాలు నీళ్లలో ముందుకి సాగవు, నీళ్లు తాగేస్తాయి, అందుకే వాచీ నుంచి చెవికి పాట చేరదన్నావు. అది ప్లేయరు కాక మరేమిటి? పేరు మారింది అంతే. పరుగెత్తేవాళ్లకైతే వాచీయే నయం. గార్మిన్ అనే వాచీల కంపెనీ వాళ్లు 2018లోనే 500 పాటలు పట్టే వాచీ తెచ్చారు, పరుగెత్తేవాడు ఫోను ఇంట్లో పెట్టి వెళ్లొచ్చు. వాచీకి తగిన చోటు వాచీకే ఇస్తాను.

పెద్దవాళ్ల సంగతి చూడు. 2017లో సరెగమ వాళ్లు 5,000 పాత పాటలు నింపిన కారవాన్ పెట్టె తెచ్చినప్పుడు, చేతిలో ఫోనుండగా ఇదెవరు కొంటారని నువ్వే అన్నావు. తెలుగు పాటల పెట్టె కూడా వచ్చింది. మన వీధిలో నాలుగిళ్లలో ఉంది. ఎదురింటి మామ్మగారు తెల్లవారుజామున ఒక్క మీట తిప్పుతారు, పాట వస్తుంది. పాస్‌వర్డు లేదు, అప్‌డేట్ లేదు. సోనీ వాక్‌మన్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి. చైనాలో ఫియో లాంటి కంపెనీలు ఇలాంటి ప్లేయర్లు ఇంకా చేస్తున్నాయి. పాత ఐపాడ్‌లు విప్పి, లోపలి హార్డ్ డిస్కు తీసి మెమరీ కార్డు పెట్టి, కొత్త బ్యాటరీ వేసి వాడుకునేవాళ్లు లోకమంతా ఉన్నారట. కోట్లలో అమ్ముడవ్వవు, ఒప్పుకుంటాను. వీణలు మాత్రం కోట్లలో అమ్ముడవుతున్నాయా?

క్లిప్ బ్యాటరీ నీరసిస్తే కోటగుమ్మం దగ్గర రిపేరు అబ్బాయి అరగంటలో మార్చి ఇచ్చాడు. నీ వాచీ చూపించి అడిగాను, ఇది చెడితే చేస్తావా అని. నీళ్లు దూరకుండా జిగురుతో అతికించి ఉంటుందమ్మా, వేడి చేసి ఊడదీయాలి, మళ్లీ అంత గట్టిగా అతకదు అన్నాడు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైంది పిల్లలు. నా పదకొండుమందిలో నలుగురి ఇళ్లలో ఒక్కటే స్మార్ట్‌ఫోను. అది తండ్రితోపాటు పనికి వెళ్లిపోతుంది, రాత్రి వస్తుంది. ఫోనున్న ఇళ్లలో పాఠం వినమని పిల్ల చేతికిస్తే, రెండో నిమిషానికి వీడియోల్లోకి జారిపోతోందని తల్లులు నాతో మొరపెట్టుకుంటున్నారు. వాచీ కొనిచ్చే స్తోమత ఎవరికీ లేదు, కొన్నా దానికి ఫోను తోడుండాలి. వీళ్లకి కావలసింది నెట్టు లేని, పాఠం తప్ప ఇంకేమీ తెలియని ఒక చిన్న పెట్టె. ఇయర్‌ఫోనుకి రెండు రంధ్రాలుంటే ఇంకా మంచిది. 1979లో సోనీ తెచ్చిన మొట్టమొదటి వాక్‌మన్‌కి అలాగే రెండుండేవి, ఇద్దరు కలిసి వినడానికి. మధ్యలో నారింజ రంగు మీట నొక్కితే పాట తగ్గి, పక్కవాళ్ల మాట వినపడేది. మీ మావయ్య మస్కట్ నుంచి తెచ్చిన దాంతో నేనూ మా టీచరుగారూ ఒకే పాట పక్కపక్కన కూర్చుని విన్నాం. ఆవిడ కళ్లు మూసుకుని తాళం వేస్తుంటే ఆ వేళ్లు చూసి నేను నేర్చుకున్నది ఏ పాఠంలోనూ రాలేదు. అలాంటి పెట్టె మళ్లీ ఎవరైనా చేస్తే బావుండును. నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కాబట్టి నీకే చెప్తున్నాను. మీ ఆఫీసులో వాచీ గురించి కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఈ పిల్లల సంగతి ఒకసారి చెప్పు.

సంక్రాంతికి వస్తున్నారు కదా. నాలుగు క్లిప్పు ప్లేయర్లు తీసుకురా, పాతవైనా ఫరవాలేదు, కార్డు పెట్టుకునే వీలుంటే చాలు. డబ్బు నేనిస్తాను, కాదనకు. రాక్‌బాక్స్ ఎక్కించి తెస్తే మరీ సంతోషం.

నీ నానో నా బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది. దాని ఛార్జింగు తీగ మాత్రం నీ దగ్గరే ఉండిపోయింది. ఆ వెడల్పాటి 30 పిన్నుల తీగ ఇక్కడ అడిగితే దొరకడం లేదు. నీ పాత సొరుగులో వెతుకు. పాపకి ఎనిమిదేళ్లు నిండుతున్నాయి, ఫోను ఇవ్వనని కోడలు అన్నది సబబే. గీతాలు నాలుగు పాడి పంపుతాను, ఆ నానోలో ఎక్కించి ఇవ్వు. రబ్బరు పట్టీ దాని చేతికి వదులుగా ఉంటుంది, ఇంకో రెండు చిల్లులు నేను పెడతాను.

ఆశీస్సులతో
అమ్మ