బసంతర్ ఒడ్డున మా నాన్న పటాలం: రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కర్నూలు జిల్లాలో, హంద్రి ఒడ్డు పల్లెలో పుట్టి 16వ మద్రాస్ పటాలంలో సిపాయిగా పనిచేసిన మనిషి కొడుకును. 1971 పాకిస్తాన్ యుద్ధంలో ఆ పటాలం గడిపిన మూడు రోజుల రికార్డును తెలుగులో అడగడానికే ఈ లేఖ. ఊళ్లో అందరికీ మా నాన్న 'మిలిటరీ ఆయన'. యుద్ధం సంగతి చెప్పమంటే "చలి" అనేవాడు. మరీ పట్టుబడితే "ఏరు మన హంద్రి మాదిరే ఉంటుంది, అవతలంతా మందుపాతరలు" అని పశువులను విప్పడానికి లేచిపోయేవాడు.

ఆ ఏరు బసంతర్ అనీ, ఆ ప్రాంతం పాకిస్తాన్‌లోని శకర్‌గఢ్ అనీ ఆయన పోయాక చదివి తెలుసుకున్నాను. 1971 డిసెంబరు 15 రాత్రి 16 మద్రాస్ ఏరు దాటి, అవతల శత్రువు చేతిలో ఉన్న సరజ్‌చక్ అనే చోటును పట్టుకుంది. పట్టుకోవడం ఒక ఎత్తు, తెల్లవారేదాకా నిలవడం మరొక ఎత్తు. వెనుక ఇంజనీర్లు మందుపాతరలు తీస్తూ ఇంకా సగం దారిలోనే ఉన్నారు. ముందు చీకట్లో శత్రువు ట్యాంకుల కదలిక. అండగా మన ట్యాంకు ఒక్కటీ ఇటు చేరలేదు. దారి పూర్తయ్యేదాకా ఆగకుండా మన ట్యాంకుల రెజిమెంటు పూనా హార్స్ ట్యాంకులు మందుపాతరల మధ్య నుంచే వచ్చేశాయి. అవి రాకపోయి ఉంటే నేను పుట్టేవాడినే కాదేమో.

మర్నాడు ఆ పూనా హార్స్‌కే చెందిన అరుణ్ ఖేతర్‌పాల్ 21 ఏళ్ల వయసులో నేలకొరిగి పరమవీర చక్ర పొందాడు. మా నాన్న పటాలాన్ని నడిపించిన లెఫ్టినెంట్ కర్నల్ వేద్ ప్రకాశ్ ఘయికి మరణానంతరం మహావీర చక్ర వచ్చింది. వారి పేర్లు నిలిచాయి, నిలవాలి కూడా. కందకాల్లో ఆ రాత్రి గడిపి, బతికి వచ్చి, మళ్లీ వేరుశనగ వేసుకున్నవారి గురించి మాత్రం మా జిల్లాలో ఒక్క ముక్క దొరకదు.

మా నాన్నకు తమిళం రాదు, మలయాళం రాదు. మద్రాస్ రెజిమెంటు యుద్ధ నినాదం "వీర మద్రాసీ, అడి కొల్లు!" మాత్రం వచ్చు. పొలంలో ఎద్దు మొరాయిస్తే అదే అందుకునేవాడు. ఎద్దుకు ఏం అర్థమయ్యేదో కానీ, లేచేది.

అయ్యా, 2021 జూన్‌లో మీ శాఖ ఒక విధానం ప్రకటించింది. యుద్ధ చరిత్రలు రాయించాలని, 25 ఏళ్లు దాటిన రికార్డులను నిపుణులు పరిశీలించి నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలని అందులో ఉంది. పటాలాల యుద్ధ దినచర్య పుస్తకాల ప్రస్తావనా ఉంది. 1971కి ఆ 25 ఏళ్లు రెండుసార్లు నిండాయి.

నేను అడిగేది 16 మద్రాస్ దినచర్య పుస్తకంలో 1971 డిసెంబరు 15, 16, 17 తేదీల పుటలు. 17 రాత్రికి కాల్పులు ఆగాయి కాబట్టి ఆ మూడు రోజులు చాలు. వాటిని తెలుగు చేయించి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక ప్రతి ఉంచండి. ఢిల్లీ వెళ్లి ఇంగ్లీషు కాగితాలు తిరగేసే ఓపిక గానీ స్తోమత గానీ మా పల్లెల్లోని సైనికుల భార్యలకు లేవు.

మా అమ్మకూ లేవు. 56 ఏపీఓ అనే సైనిక తపాలా చిరునామా తప్ప నాన్న ఎక్కడున్నాడో ఆమెకు తెలియదు. ఆ చిరునామాకే ఉత్తరాలు రాయించేది. ఆ రాత్రి అక్కడ ఏ గంటకు ఏం జరిగిందో ఇప్పటికీ అడుగుతుంది. ఆమెకు ఎనభై దాటాయి. ఆ పుటలు వస్తే పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను.

ఇట్లు,
16 మద్రాస్ సిపాయి కుమారుడు,
కర్నూలు జిల్లా