ఎర్ర గుర్తు పడిన మందారాల గురించి

ఉద్యానవనాల విభాగం అధికారి గారికి,

నమస్కారం. మా పార్కు నడకదారి వెంట ఉన్న ఆరు మందార పొదలకు మీ సిబ్బంది ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. ఎండిపోయాయి కాబట్టి తవ్వి తీసేస్తామన్నారు. ఆకులు రాలిన మాట నిజమే. కానీ ఆకు రాలినంత మాత్రాన పొద చచ్చినట్టు కాదు. గునపం దించే ముందు ఒక్కొక్కదాన్నీ పరీక్షించమని చెప్పండి.

అందుకు గోరు చాలు. కొనకొమ్మ మీద బెరడును కొద్దిగా గీకితే లోపల పచ్చగా, తడిగా కనిపించాలి. పొడిగా, గోధుమ రంగులో ఉంటే ఇంకాస్త కిందికి వచ్చి మళ్లీ గీకాలి, అలా మొదలు దాకా. పైకొమ్మలు పుటుక్కున విరుగుతున్నా మొదట్లో పచ్చదనం మిగిలి ఉంటే అక్కడి నుంచి చిగురు రావచ్చు. నిన్న నేను ఆరింటినీ గీకి చూశాను. నాలుగింటికి నేలకు జానెడు ఎత్తున ఇంకా ప్రాణం ఉంది. మిగతా రెండూ మొదలంటా ఎండిపోయాయి, వాటిని తీసేయండి.

అసలు జబ్బు మట్టిలో ఉంది. ఆ వరుసలో నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిచిన మట్టిలో గాలి ఆడదు, వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు కాబట్టి తడిలో ఉండి కూడా ఆకు వాడిపోతుంది. వాడిందని మనం ఇంకా నీళ్లు పెడతాం! ఒక పాదు పక్కన వేలితో తవ్వితే నల్లగా, మెత్తగా ఉన్న వేరు తగిలింది, దుర్వాసన కూడా వచ్చింది. ఇక్కడ కావలసింది నీళ్లు ఆపడం, మొదళ్ల చుట్టూ ఎత్తుగా పోసిన మట్టిని తీసేయడం, ఎండు కొమ్మలను పచ్చదనం మొదలయ్యే చోటుకు కత్తిరించడం. ఎరువు మాత్రం వేయించకండి. దెబ్బతిన్న వేళ్లకు అది ఇంకా హాని చేస్తుంది.

బతికున్న నాలుగింటిలో ఒకదానికి గడ్డి కోసే యంత్రం తగిలి బెరడు చుట్టూరా ఊడిపోయింది. ఆకుల్లో తయారైన ఆహారం ఇక వేళ్లకు దిగదు, గాయానికి పైభాగం నిలవదు. దాని పచ్చి కొమ్మలను ఇప్పుడే కోసి విడిగా నాటించండి, మందారం కొమ్మ నుంచి సులువుగా వేరు పడుతుంది. గాయం కింది మొదలును ఉంచేయండి, అక్కడి నుంచి చిగురించే అవకాశం ఉంది.

నేను అడిగేది ఒక్క చిగుర్ల కాలం గడువు. అప్పటికీ మొలక రాకపోతే నేనే వచ్చి తీయమని చెబుతాను. ఖాళీ అయ్యే రెండు గుంతల్లో మాత్రం నీరు పోయే దారి చేయకుండా కొత్త మొక్కలు పెట్టించకండి, అవీ కుళ్లిపోతాయి.

ప్రాణం ఉన్న నాలుగు పొదలకూ తెల్ల దారం కట్టాను. రోజూ ఉదయం నడకకు వస్తాను. మీ తోటమాలిని ఒక్కరోజు పంపితే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
పార్కుకు రోజూ వచ్చే ఒక పౌరురాలు