కూల్‌డ్రింక్ బాటిల్లో పురుగుమందు పెట్టడం ఆపించండి సార్

పల్నాడు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి నమస్కారం.

మిర్చి, పత్తి పనులు మొదలైతే మా ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో పురుగుమందు ఉంటది, పెద్ద డబ్బా కొని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు, పంచుకునేదేమో ఖాళీ కూల్‌డ్రింక్ బాటిళ్ళల్లో, తెచ్చి వంటింటి గూట్లోనో మంచం కిందో పెడతారు. మూడేళ్ళ పిల్లోడికి అది మందని ఎలా తెలుస్తది సార్? బాత్రూం యాసిడ్, కిరోసిన్ కూడా ఇంతే.

తాగాక ఇంట్లో చేసే వైద్యం ఇంకా భయం. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు పట్టించి కక్కించాలని చూస్తారు. కిరోసిన్ తాగినోళ్ళని కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోద్ది, యాసిడ్ అయితే పైకొచ్చేటప్పుడు గొంతు మళ్ళీ కాలుద్ది. ఎలకల పేస్ట్ మరీ ఘోరం, ఎల్లో ఫాస్ఫరస్ ఉన్న రకం తిన్నాక ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగానే కనపడొచ్చు, బానే ఉన్నాడుగా అని ఇంటికి తీసుకొచ్చేస్తారు, ఆ తర్వాత లివర్ పాడైపోద్ది.

ఇవన్నీ ఆశా వర్కర్లతో, అంగన్‌వాడీ టీచర్లతో తల్లులకి చెప్పించండి. కక్కించొద్దు, 108కి ఫోన్ చేయాలి, మందు డబ్బా కూడా ఆస్పత్రికి పట్టుకెళ్ళాలి, ఈ మూడూ వస్తే చాలు. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల గురించి సలహా చెప్పే సెంటర్ ఉంది, 1800 116 117, ఫోన్ ఫ్రీ, ఆ నంబర్ మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. వ్యవసాయశాఖ వాళ్ళతో మాట్లాడి ప్రతి పురుగుమందుల షాపు ముందు పెద్ద అక్షరాలతో రాయించండి, చిన్న డబ్బాలు దొరికేలా కూడా చూడండి, అప్పుడు పంచుకునే పనే ఉండదు. ఖరీఫ్ అమ్మకాలు మొదలవ్వకముందే చేయండి సార్.

ఇట్లు,
మిర్చి కూలీకి వెళ్ళే ఒక తల్లి