ఏనుగు రాకముందే తీగలు తీయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

అడవి ఏనుగుల సంరక్షణ గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా మా ఊరి రచ్చబండ దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: "మన దిక్కు ఏనుగులు యాడున్నయి సారూ, మనకెందుకీ ముచ్చట?" అడిగేవారిని తప్పుపట్టలేం. మహబూబ్‌నగర్‌లో ఏనుగొండ ఉంది గానీ అక్కడ ఏనుగు పేరులోనే మిగిలింది. మాకు ఆనుకుని ఉన్న నల్లమలలో పులి ఉంది, చిరుత ఉంది, ఏనుగు లేదు. అయినా ఈ ముచ్చట మనదేనని నేననుకుంటున్నాను.

2024 ఏప్రిల్ మొదటి వారం దాకా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రైతులు కూడా ఇలాగే అనుకుని ఉంటారు. మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఒంటరి ఏనుగు రెండు రోజుల్లో ఇద్దరు రైతులను, చింతలమానేపల్లి మండలంలో ఒకరిని, పెంచికల్‌పేట మండలంలో ఒకరిని చంపింది. చిత్తూరుకు ఈ అనుభవం పాతది. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన మందలు అక్కడే స్థిరపడడంతో 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేయవలసి వచ్చింది; ఇప్పుడు ఏనుగులు శేషాచలంలోనూ తిరుగుతున్నాయి. శేషాచలానికి ఉత్తరాన ఉన్నది నల్లమలే. రేపే వస్తాయని నేననడం లేదు. అడవులు ముక్కలై, దారులు తెగి, మేత కరువైన ఏనుగు జిల్లా సరిహద్దు రాయి చూసి ఆగిపోదని మాత్రం అంటున్నాను.

వస్తే దానికి ఇక్కడ ఎదురయ్యేది ఏమిటో నాకు తెలుసు. అడవి అంచున మా పల్లి (వేరుశనగ) చేనుకు పక్కనున్న పొలంలో, అడవి పందుల కోసం మోకాలెత్తు కర్రలకు సన్నని ఇనుప తీగ చుట్టి, చీకటి పడగానే కరెంటు లైనుకు కొక్కెం తగిలించేవారు. తెల్లవారకముందే దాన్ని తీసేయాలి. ఒకనాడు తీయడం మరిచారు. పొద్దున్నే మేతకు తోలిన మా పాడిగేదె నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా ఆ గట్టు మీద పడిపోయింది. దాని వెనకే నడవవలసిన మా తమ్ముడు చెప్పు తెగి నాలుగడుగులు వెనకబడ్డాడు కాబట్టి గేదె సంగతి మాత్రమే రాయగలుగుతున్నాను. తీగ కట్టినాయన మీద నాకు కోపం లేదు. చేతికొచ్చిన పల్లిని పందులు ఒక్క రాత్రిలో తవ్విపోసినప్పుడు ఆయన గట్టు మీద కూలబడి ఉండడం కూడా చూశాను.

ఈ కరెంటే ఏనుగులకూ యముడైంది. 2024లో కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం అంతకుముందు ఐదేళ్లలో అసహజంగా చనిపోయిన 528 ఏనుగుల్లో 392 విద్యుదాఘాతంతోనే పోయాయి. వేటగాళ్లు చంపినవి 50. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో ఒకేచోట నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చనిపోయాయి. లద్దెల్లోని డీఎన్‌ఏ ఆధారంగా 2025లో వెలువడిన అంచనాను బట్టి దేశం మొత్తం మీద ఉన్న అడవి ఏనుగులు 22,446. దాదాపు 22 నెలలు మోసి ఒక్క పిల్లను కని, మళ్లీ నాలుగైదేళ్లకు గాని ఈనని జంతువుకు ఆ నాలుగింటి లోటు ఎప్పటికి పూడుతుందో లెక్క వేసుకోవచ్చు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న సామెత దంతాల బేరగాళ్లకు నప్పుతుందేమో గానీ అడవికి నప్పదు.

అడవికి ఏనుగు ఏం చేస్తుందన్నది పాలమూరు వాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. ఎండాకాలం దుందుభి వాగు ఎండితే ఇసుకలో చెలమ తీసి, ఊరే నీటిని చిప్పతో తోడి బిందె నింపుకున్న రోజులు పెద్దలకు గుర్తే. ఏనుగు కూడా ఎండిన వాగులో కాలితో, తొండంతో చెలమ తీస్తుంది. అది తాగి వెళ్లాక ఆ నీళ్లు జింకలకు, పక్షులకు దక్కుతాయి. రోజుకు 150 కిలోల దాకా మేసి, అందులో సగమైనా అరిగించుకోలేని జంతువు కాబట్టి తిన్న కాయల గింజలను కిలోమీటర్ల దూరం మోసుకుపోయి, లద్దెతో సహా, అంటే ఎరువుతో సహా, నాటి పోతుంది. హరితహారంలో గుంత తీసి పెట్టిన మొక్కలన్నిటికీ మనం ఆపాటి ఎరువైనా వేశామో లేదో.

ఏనుగు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. 2010 నుంచి జాతీయ వారసత్వ జంతువు. అయితే ఆ హోదాలు పల్లి చేనుకు కాపలా కాయవు. అమ్రాబాద్ అభయారణ్యం అంచు పల్లెల్లో అటవీ, విద్యుత్తు శాఖల సిబ్బంది కలిసి తిరిగి ఈ దొంగ కనెక్షన్లు తీయించాలి. తీయించిన చోటల్లా, పశువును బెదరగొట్టేదే తప్ప చంపని సౌర కంచెను రాయితీపై ఇవ్వాలి. జంతువుల దాడిలో మరణించినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని కేంద్రం 2023 చివరలో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. పంట పోయిన రైతుకు కూడా ఆ పంటకాలంలోనే డబ్బు చేతికందే ఏర్పాటు ఉండాలి, లేకపోతే తీసిన తీగ మళ్లీ రాత్రికి కర్రెక్కుతుంది. యాసంగి పల్లి విత్తేలోపే ఈ పని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా