చేర్చుకుంటే సరిపోదు, ఆడనివ్వాలి

చెన్నైలో చాలా బడులు వికలాంగ పిల్లలను చేర్చుకుంటున్నాయి కానీ, ఆటస్థలంలోకి, వార్షికోత్సవం స్టేజీ మీదికి మాత్రం రానివ్వడం లేదు. పోలియో కాలితో పెరంబూరులో పెరిగిన నాకు ఆటల పీరియడ్ అంటే తోటివాళ్ల బ్యాగులకు కాపలా కాయడమే. ‘పాపం, పడిపోతాడు’ అనేవారు. కాలికి ఊతంగా కట్టుకునే కాలిపర్ కనబడకుండా దాచుకు తిరిగిన ఆ సిగ్గు వదలడానికి, కాలేజీలో నాలాంటి లెక్చరర్ ఒకాయన తగలాల్సి వచ్చింది. ఆయన చేతికర్ర టకటకలాడించుకుంటూ క్లాసుకొచ్చి, అదే కర్రతో బోర్డు మీద లెక్కలు చూపించేవారు. ఇప్పుడు మా మేనకోడలి బడిలోనూ వీల్‌చైర్ పిల్లలకు ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టే పనే (ఫొటోలు మాత్రం వాళ్లవే ఎక్కువ తీస్తారు). గుర్తింపు పొందిన బడులు చదువుతోపాటు ఆటలు, వినోద కార్యక్రమాల్లోనూ ఈ పిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. వీల్‌చైర్లు సముద్రం దాకా వెళ్లేలా మెరీనా బీచ్ ఇసుకలో 2022లో చెక్క ర్యాంపు వేయగలిగిన ఊళ్లో బడి స్టేజీకి ర్యాంపు కష్టమా? గుర్తింపు రెన్యువల్ చేసే ముందు విద్యాశాఖ దీన్ని తనిఖీ చేయాలి. వైకల్యంతో పెరిగి ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దలను నెలకోసారైనా బడికి పిలిచి పిల్లలతో మాట్లాడించాలి, తల్లిదండ్రులతో ఇంకా ఎక్కువగా.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై