విశాఖ మీదికి వచ్చింది జీరో కాదు

సంపాదకులు గారికి,

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ దాడికి గుర్తుగా విమానం మోడల్ కట్టాలనుకునేవారిలో చాలామంది, ముఖ్యంగా బడిపిల్లలు, జీరో కిట్ (అతికించి కట్టే ప్లాస్టిక్ భాగాల పెట్టె) కొనుక్కుంటున్నారు. జపాను యుద్ధ విమానం అనగానే నోటికి వచ్చే పేరు అదే. కానీ ఆ రోజు మన తీరం మీద బాంబులు వేసింది జీరో కాదు. ర్యూజో అనే విమానవాహక నౌక మీంచి లేచిన నకజిమా బి5ఎన్. జపాను నౌకాదళం దాన్ని 97వ రకం దాడి విమానం అనేది. అందరికీ తెలిసిన కేట్ అన్న పేరు మిత్రరాజ్యాలు తర్వాత పెట్టింది, దాడినాటికి ఆ పేరే లేదు. ర్యూజో మీదికి జీరోలు చేరింది కూడా ఆ దాడి ముగించుకుని జపానుకు తిరిగి వెళ్లాకే. మన ఊళ్ల చరిత్రకు సంబంధించిన మోడల్ కాబట్టి సరైన విమానం కట్టడం ఎలాగో నాలుగు మాటలు రాస్తున్నాం, ప్రచురించగలరు.

ముందు స్కేలు పెట్టి కొలవండి. బి5ఎన్ రెక్కల విస్తారం 15.5 మీటర్లు, పొడవు 10.3 మీటర్లు. 1/72 స్కేలులో, అంటే అసలు విమానంలో 72వ వంతు మోడల్‌లో, రెక్కలు ఈ కొన నుంచి ఆ కొనకు 21.5 సెంటీమీటర్లు, పొడవు 14.3 సెంటీమీటర్లు రావాలి. అదే స్కేలులో జీరో రెక్కలు 16.7 సెంటీమీటర్లే. కొలత అక్కర్లేని గుర్తు ఇంకొకటుంది. జీరోలో కూర్చునేది ఒక్కడు. కేట్‌లో ముగ్గురు: ముందు పైలటు, మధ్యలో దారి చూసి బాంబులు వదిలే పరిశీలకుడు, చివర వెనక్కి తిరిగి కూర్చునే రేడియో మనిషి. చివరివాడి చేతిలోనే 7.7 మిల్లీమీటర్ల మరతుపాకీ. చక్రాలు లోపలికి ముడుచుకోకుండా తొడుగులు వేసుకుని కిందికి వేలాడుతుంటే అది ఐచి కంపెనీ చేసిన వాల్ అనే బాంబరు. దాన్ని కూడా ఇక్కడికి తేకండి.

కేట్ కిట్ దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. ఈ కిట్లలో ఎక్కువ భాగం పెర్ల్ హార్బర్ దాడికోసం తయారైనవి. అందుకే లోపల టార్పెడో ఉంటుంది, తోక మీద అంటించే అక్షరాలు కూడా ఆ దాడిలో పాల్గొన్న నౌకలవే ఉంటాయి. ఏఐ అన్న అక్షరాలు, ఒంటి మీద ఒక ఎర్ర పట్టీ ఉంటే ఆ విమానం అకాగి నౌకది. రెండు ఎర్ర పట్టీలు కాగావి. నీలం పట్టీలు సోర్యూ, హిర్యూలవి, తెల్ల పట్టీలు షోకాకు, జుయికాకులవి. వీటిలో ఏదీ విశాఖకు రాలేదు. ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేసిన దండులో అకాగి ఉంది. మన వైపు వచ్చింది అడ్మిరల్ ఒజావా నడిపిన వేరే దండు, అందులో ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక ర్యూజో. కాబట్టి పట్టీలు, అక్షరాలు పెట్టెలో ఉన్నాయి కదా అని అంటించేయకండి. ర్యూజో అక్షరాలు దొరక్కపోతే తోకను ఖాళీగా వదిలేయడమే మేలు. గుర్తు లేని తోక అసంపూర్ణం అంతే, తప్పుడు గుర్తున్న తోక అబద్ధం. టార్పెడో కూడా పెట్టెలోనే ఉంచండి, మన రేవుల మీద పడినవి బాంబులు. కేట్ మోయగలిగింది 800 కిలోల ఆయుధం ఒకటి, లేదా 250 కిలోల బాంబులు రెండు, లేదా 60 కిలోలవి ఆరు.

ఈ విమానంలో రెండు రకాలున్నాయని కూడా తెలియాలి. బి5ఎన్1కు ఒకే వరసలో తొమ్మిది సిలిండర్లుండే హికారి ఇంజిను, దాని చుట్టూ లావాటి మూతి. బి5ఎన్2కు రెండు వరసల్లో 14 సిలిండర్ల సకాయే ఇంజిను, సన్నబడిన మూతి, ప్రొపెల్లర్ నడిమధ్య కోసుగా స్పిన్నరు. కొన్ని పెట్టెల్లో రెండింటి భాగాలూ కలిసి వస్తాయి. ఏది కట్టినా ఇంజిను, మూతి, స్పిన్నరు ఒకే రకానివి కావాలి. లావు మూతికి స్పిన్నరు తగిలించిన కేట్ ఎక్కడా ఎగరలేదు.

ఇక కట్టడం. భాగాలను అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం మీద ఉండగానే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి కడిగి, ఒక పూట ఆరనివ్వాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలితే రంగు చేపకళ్లలా గుంటలు పడి విరిగిపోతుంది. కత్తిరించేటప్పుడు భాగానికి ఆనించి కోయకండి. ఒక మిల్లీమీటరు వదిలి నిప్పర్‌తో తెంపి, మిగిలిన ముక్కను పదునైన బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కి, 600, 1000 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్దాలి. ఒక్క దెబ్బకు తెంపితే ప్లాస్టిక్ లోపలికి తెల్లగా కందిపోతుంది, ఒక్కోసారి ముక్క ఊడి గుంట పడుతుంది.

కాక్‌పిట్ మీద ఎంత సేపు పెట్టినా వృథా కాదు, ఎందుకంటే కేట్ కనోపీ, అంటే కాక్‌పిట్ మీది అద్దాల కప్పు, పొడవాటి అద్దాల వరండాలాంటిది. ముగ్గురి సీట్లూ పైనుంచి కనబడతాయి. లోపలికి టమియా కంపెనీ రంగుల్లో ఎక్స్ఎఫ్-71 ఆకుపచ్చ సరిపోతుంది. చక్రాలు ముడుచుకునే గూళ్లకు మాత్రం ఆ రంగు కాదు. అల్యూమినియం రేకు మీద పూసిన నీలిపచ్చ లక్క అది, జపానువాళ్లు అవొటాకే అంటారు. ముందు వెండి రంగు కొట్టి, అది ఆరాక ఎక్స్-23 పారదర్శక నీలం, ఎక్స్-25 పారదర్శక ఆకుపచ్చ కలిపి పలచగా రెండు పూతలు వేస్తే లోపలి లోహం మెరుస్తూ కనబడుతుంది. మూడో పూత వేశారంటే మెరుపు చచ్చి ముద్ద రంగు అవుతుంది. సీటు బెల్టులకు మాస్కింగ్ టేపును అర మిల్లీమీటరు వెడల్పు పీలికలుగా కోసి వాడండి. 1/72లో అర మిల్లీమీటరంటే అసలు బెల్టు 36 మిల్లీమీటర్లు, అంతకంటే వెడల్పయితే గుర్రపు జీను పట్టీలా ఉంటుంది.

ఒంటి రెండు సగాలనూ మూసే ముందు జిగురు లేకుండా ఒకసారి కలిపి చూడండి. కాక్‌పిట్ నేల కొంచెం వెడల్పయినా సగాలు కలవవు. గట్టిగా నొక్కి అతికించినవి నెల తిరిగేసరికి వెన్ను వెంట పగులుతాయి. నేల అంచును రుద్ది తగ్గించాలి, ఒంటిని బలవంతం చేయకూడదు. ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పలచటి ద్రవ సిమెంటును అతుకు వెంట కుంచెతో తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసలా పైకి ఉబికేదాకా నొక్కి, టేపు చుట్టి 24 గంటలు కదపకండి. ఆరాక ఆ పూసను గీకేస్తే అతుకు మాయమవుతుంది, పుట్టీ అవసరం దాదాపు ఉండదు. నాలుగు గంటలకే గీకితే ఆరోజు నున్నగానే ఉంటుంది, లోపలి ప్లాస్టిక్ ఆరుతూ కుంగి వారం తర్వాత గాడి పడుతుంది. రెక్కలు అతికించాక మోడల్‌ను బల్ల మీద పెట్టి, రెండు కొనలూ బల్లకు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలుతో చూసి, అట్టముక్కలు ఆసరా పెట్టి రాత్రంతా వదిలేయండి. మూతిలో బరువు పెట్టే పని లేదు, ఇది తోకచక్రం మీద కూర్చునే విమానం. కేట్ రెక్కలు నౌక మీద చోటు కోసం మడుచుకుంటాయి, కొన్ని కిట్లలో అలా మడిచి పెట్టే వీలుంటుంది. దాడికి గుర్తుగా కడుతున్నప్పుడు విప్పిన రెక్కలే సరి.

చాలా మోడళ్లు పాడయ్యేది కనోపీ దగ్గరే. దాన్ని సూపర్ గ్లూతో అతికించకండి. ఆ జిగురు ఆవిరి గాలిలో తేమతో కలిసి గట్టిపడి అద్దం లోపలి వైపు తెల్లటి పొగలా పేరుకుంటుంది. విశాఖ, కాకినాడ ఉక్కలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. లోపల పట్టింది కాబట్టి తుడవడానికి చెయ్యి పోదు. తెల్ల ఫెవికాల్ చాలు. పుల్ల కొనతో అంచుకు రాసి పెట్టి, ఎక్కువైంది తడి కుంచెతో తుడిచేస్తే ఆరాక అతుకే కనబడదు. కనోపీ అద్దాల పలకలకు రంగు అంటకుండా ముసుగు వేయడానికి సన్న మాస్కింగ్ టేపు పరిచి, పళ్లు కుట్టుకునే పుల్లతో చట్రం గీతల వెంట నొక్కండి. గీత టేపులోంచి తేలి కనబడగానే కొత్త బ్లేడుతో బరువు వేయకుండా కోయండి. పాత బ్లేడు టేపును కోయదు, ఈడ్చుకుపోతుంది. కేట్‌లో అద్దాల పలకలు ఎన్నో ఉంటాయి, ఒక పూటంతా దానికే కేటాయించుకోండి. ముసుగు వేశాక మొదటి పూత కాక్‌పిట్ ఆకుపచ్చ, దాని మీద బయటి రంగు. అప్పుడు అద్దంలోంచి చూసినా చట్రం లోపలి వైపు సరైన రంగే కనబడుతుంది.

రంగుల విషయానికి వస్తే కింది వైపు బూడిద రంగు, పైన ముదురు ఆకుపచ్చ, ఇంజిను మూతి నలుపు. టమియాలో ఎక్స్ఎఫ్-12, ఎక్స్ఎఫ్-70, ఎక్స్ఎఫ్-1. లేత రంగు ముందు, ముదురు తర్వాత. గాలితో రంగు చిమ్మే 0.3 మిల్లీమీటర్ల ఎయిర్‌బ్రష్‌కు రంగు ఒక వంతు, థిన్నరు ఒకటిన్నర వంతు, ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్ఐ. ఎండాకాలం మధ్యాహ్నం కొడితే రంగు గాలిలోనే ఎండి సున్నప్పొడిలా పడుతుంది. చేత్తో రాస్తే గరుకుగా తగులుతుంది. పొద్దున్నే కొట్టండి, రంగు త్వరగా ఆరకుండా చేసే రిటార్డరు రెండు మూడు చుక్కలు కలపండి. వానాకాలంలో దీనికి ఎదురు. లాకర్ రకం రంగుల్లో కలిపే థిన్నరు ఆవిరవుతూ పైపొరను చల్లబరచడంతో గాలిలో తేమ దాని మీద దిగి రంగు తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. పొడిగా ఉన్న రోజు చూసి రిటార్డరు కలిపిన థిన్నరు పలచగా చిమ్మితే చాలావరకు పోతుంది. లాకర్ కొట్టేటప్పుడు కిటికీలు తెరిచి, రసాయన వాయువులను ఆపే ఫిల్టరు ఉన్న మాస్కు పెట్టుకోవాలి. బట్ట మాస్కు దేనికీ పనికిరాదు. పిల్లలకైతే నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులు, కుంచె చాలు.

జపాను విమానం అనగానే ఒళ్లంతా రంగు లేచిపోయినట్టు వెండి మచ్చలు పెట్టడం అలవాటైపోయింది. అలా రంగు రేగిపోయినవి యుద్ధం ముదిరాక పసిఫిక్ దీవుల్లో ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్న విమానాలు. నౌక హ్యాంగరులో ఉంచుకుని చూసుకునే విమానానికి 1942 ఏప్రిల్‌లో ఆ గతి పట్టలేదు. సిబ్బంది ఎక్కి దిగే రెక్క మొదట్లో, మూతి అంచుల్లో స్పాంజి ముక్కతో అక్కడక్కడ తాకిస్తే చాలు. ప్రొపెల్లర్ కూడా చూసుకోండి. ఆకులకు ముందు వైపు లోహపు మెరుపు, వెనక ముదురు రంగు, కొనల దగ్గర ఎర్ర గీతలు. రెండు వైపులా గోధుమ రంగు పూసింది యుద్ధం సగం గడిచాక.

ఎర్ర సూర్యబింబాల డెకాల్స్‌ను (నీళ్లలో నాన్చి అంటించే గుర్తులు) మెరుపు లేని మ్యాట్ రంగు మీద పెట్టకండి. గరుకు సందుల్లో గాలి నిలిచి డెకాల్ కింద వెండిపొరలా మెరుస్తుంది. ముందు ఎక్స్-22 నిగనిగల పూత, ఆరాక డెకాల్, దాని మీద డెకాల్‌ను మెత్తబరిచే సాఫ్టనర్. సాఫ్టనర్ పడగానే డెకాల్ ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెడితే చిరుగుతుంది, వదిలేస్తే అదే సర్దుకుంటుంది. చివర మ్యాట్ పూత.

ఆఖరి పని రేడియో తీగ. మామూలు దారం వేస్తే నూగు కనబడుతుంది, పైగా 1/72కు మోకులా ఉంటుంది. మిగిలిపోయిన చట్రం ముక్కనే సాగదీసి తీగ చేయవచ్చు. ఒక జానెడు ముక్కను రెండు చేతులా పట్టుకుని, కొవ్వొత్తి మంటకు రెండు మూడు సెంటీమీటర్ల పైన మెల్లగా తిప్పండి. నడుమ నిగారింపు వచ్చి కిందికి జారబోతుండగా మంట మీంచి పక్కకు తీసి, ఒక్క క్షణం ఆగి, తర్వాత లాగండి. మంట మీదే లాగితే తెగిపోతుంది, ఆగకుండా లాగితే నడుమ వెంట్రుకలా సన్నబడి చివర్లు లావుగా మిగులుతాయి. చల్లారేదాకా చేతులు అలాగే చాచి ఉంచాలి. కొలిచి కోసి, కాక్‌పిట్ దగ్గరి రేడియో స్తంభం కొనకు, తోకకు ఫెవికాల్ చుక్కతో తగిలించండి. కాస్త వదులుగా ఉంటే, అప్పుడే ఆర్పిన అగరుబత్తి కొనను దగ్గరికి తెచ్చినా చాలు, తీగ బిగుసుకుంటుంది. మరీ దగ్గరికి పోతే తెగుతుంది.

మోడల్ కింద పెట్టే అట్ట మీద ఇలా రాయండి: నకజిమా బి5ఎన్, ర్యూజో నౌక, విశాఖపట్నం–కాకినాడ, 1942 ఏప్రిల్ 6. ఈ దాడి మీద మీ పత్రికలో కథనం వేసేటప్పుడు కూడా పక్కన జీరో ఫొటో కాకుండా, మూడు సీట్ల ఈ విమానం ఫొటో వేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
విమాన మోడళ్లు కట్టే కొందరు పాఠకులు,
విశాఖపట్నం