‘నల్లబడుతుంది’ అనే మాట మీద ఒక ఫిర్యాదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నా బాత్రూం అరలో ఏడు సీసాలూ డబ్బాలూ ఉన్నాయి. నూనెలు రెండు, సీరం ఒకటి, షాంపూ ఒకటి, ఊపి రాసుకునే నీళ్లమందు ఒకటి, మాత్రల డబ్బాలు రెండు. ఎవరి సరుకైనా మాట మాత్రం ఒక్కటే: ‘తెల్లజుట్టు కుదుళ్ల నుంచి నల్లబడుతుంది.’ ‘రంగు వేస్తుంది’ అని ఎక్కడా లేదు. ‘నల్లగా చేస్తుంది’ అని కూడా లేదు. నల్లబడుతుంది, అంతే. అంటే పోయిన రంగు లోపల్నుంచి దానంతట అదే తిరిగొస్తుందని చదివేవాళ్లు అనుకోవాలి. నేనూ అలాగే అనుకున్నాను. మూడేళ్ల పాటు అనుకుంటూనే ఉన్నాను. ఈ ఫిర్యాదు ఆ ఒక్క క్రియాపదం మీద.

నాకు ఇరవై మూడో ఏట కణతల దగ్గర నెరవడం మొదలైంది. మా అమ్మ వైపు అందరికీ అంతే, బాలనెరుపు వాళ్లు మాకిచ్చిన ఆస్తి. మొదట్లో ఒక్కొక్కటే పీకేసేదాన్ని. తర్వాత పీకితే మిగలదని తెలిసి మానేశాను. కనిపించిన ప్రతివాళ్లూ ‘అప్పుడే ఏంటమ్మా, టెన్షన్లు ఎక్కువా?’ అని అడుగుతుంటే, ఆ అడగడంతోనే టెన్షన్ పెరిగేది.

మొదట కొన్నది ఆ నీళ్లమందు. సీసాలో పైన తేట, అడుగున పాలలాంటి మడ్డి. బాగా ఊపి రాత్రిపూట రాసుకోవాలి. పది రోజులకు నా తెల్ల వెంట్రుకలు ఎండుగడ్డి రంగుకొచ్చాయి, మూడు వారాలకు మట్టి రంగు, నెల తిరిగేసరికి దాదాపు నలుపు. నా సంబరం ఏం చెప్పమంటారు! ‘మెల్లమెల్లగా, సహజంగా’ అని సీసా మీద రాసింది అక్షరాలా నిజమే అనిపించింది. తలగడ గలీబు మీద బూడిద రంగు మరకలు పడుతుంటే చెమట అనుకుని ఉతికేసుకున్నాను. ఆ తర్వాత జ్వరమొచ్చి, నీరసంలో నెల రోజులు రాయడం మానేశాను. ఒకరోజు అద్దం ముందు నిలబడి తల వంచి చూసుకుంటే పాపిట పొడవునా తెల్లటి గీత. కుదుళ్లలో ఏమీ మారలేదు. మారిందల్లా కుదుళ్ల పైన.

సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘బిస్మత్ సిట్రేట్’ అని ఉంది. చదివింది అప్పుడే. అది లోహపు లవణం. వెంట్రుకలోని గంధకంతో కలిసి ముదురు రంగు సల్ఫైడ్‌గా మారి దానికి పట్టుకుంటుంది. రోజూ కొంచెం కొంచెం పేరుకుంటుంది కాబట్టి జుట్టు తనంతట తానే మారుతున్నట్టు కనిపిస్తుంది. అచ్చమైన అద్దకం, కాకపోతే నిదానమైన అద్దకం. ఈ రకం మందుల్లోనే చాలాకాలం లెడ్ అసిటేట్ వాడారు, అంటే సీసం. అమెరికాలో ఆహారం, మందులు, సౌందర్య సాధనాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దానికి 1980లో ఇచ్చిన అనుమతిని రద్దు చేస్తున్నట్టు 2018లో ప్రకటించింది. సీసం ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదే లేదని అప్పటికి తేలిపోయింది మరి.

పైన రాసేది మోసమైతే లోపలికి మింగేది నిజమై ఉంటుందనుకుని తర్వాత మాత్రల మీద పడ్డాను. వీటి వెనక ఒక అసలైన పరిశోధన ఉంది, అందుకే చదువుకున్నవాళ్లు కూడా వీటికి పడిపోతారు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్, జర్మనీలోని మైన్జ్ విశ్వవిద్యాలయాల వాళ్లు 2009లో ఒక సంగతి బయటపెట్టారు. నెరిసిన వెంట్రుకల కుదుళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోగుపడుతోంది, దాన్ని విరగ్గొట్టాల్సిన కెటలేజ్ అనే ఎంజైమ్ అక్కడ బాగా తగ్గిపోయింది. జుట్టు తనను తాను లోపల్నుంచి బ్లీచ్ చేసుకుంటోందన్నమాట. ఇంతవరకు శాస్త్రం. ఇక్కణ్నుంచి వ్యాపారం: కెటలేజ్ తగ్గిందా, అయితే కెటలేజ్ మింగండి. కెటలేజ్ అంటే ప్రోటీన్. కడుపులోకి వెళ్లిన ఏ ప్రోటీన్ అయినా ముక్కలు ముక్కలై అరిగిపోతుంది, అదీ అంతే. నెత్తి మీది కుదురు దాకా చెక్కుచెదరకుండా వెళ్లే దారి దానికి లేదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో వ్యాపార మోసాల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2015లో ఇలాంటి మాత్రలు అమ్మే మూడు సంస్థల మీద చర్య తీసుకుంది. తెల్లజుట్టును వెనక్కి తిప్పుతాం అనడానికి శాస్త్రీయమైన ఆధారం మీ దగ్గర లేదు అన్నది అభియోగం. రెండు సంస్థలు రాజీకొచ్చాయి, మూడోదాన్ని కోర్టుకు లాగారు. అది జరిగి ఇన్నేళ్లయినా నేను మాత్రం అవే మాత్రలు, అదే మాట రాసున్న డబ్బాలో, కొనుక్కోగలిగాను.

చివరికి చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అన్నీ సంచిలో వేసుకుని వెళ్లాను కూడా. ఆవిడ ఒక్కొక్కటే తీసి చూసి, నవ్వకుండా ఉండటానికి ప్రయత్నించి, ఇలా అన్నారు: ‘బయటికి కనిపించేదంతా చచ్చిన వెంట్రుకేనమ్మా. రంగు పడేది లోపల, కుదురులో. బయటికొచ్చాక దానికి మీరేం రాసినా అద్దకమే.’

కుదురు అడుగున మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసే కణాలుంటాయి, పెరుగుతున్న వెంట్రుకకు అవి రంగు అందిస్తాయి. ఆ కణాలను మళ్లీ మళ్లీ పుట్టించే మూలకణాలు కుదురులో కాస్త పైన ఉంటాయి. వయసుతో పాటు మూలకణాల నిల్వ తరిగిపోతుంది. నిల్వ అయిపోయిన కుదురు నుంచి వచ్చే వెంట్రుక తెల్లగానే వస్తుంది. ఎవరికి ఎప్పుడు తరుగుతుందన్నది చాలావరకు పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుంది. 2016లో ఐఆర్‌ఎఫ్4 అనే జన్యువుకు నెరవడంతో సంబంధం ఉందని గుర్తించారు. నా విషయంలో జన్యువుల దాకా పోనక్కర్లేదు, మా మేనమామల ఫోటో చాలు.

డాక్టరమ్మ మాట విన్నాక ఇంటికొచ్చి ఒక పని చేశాను. మీరూ చేసి చూడండి, ఒక్క స్కేలు ఉంటే చాలు. తల వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పన్నెండు వారాల్లో ఫలితం అంటే మూడు సెంటీమీటర్లు. మందు నిజంగా కుదురు మీద పనిచేస్తే ఆ మూడు సెంటీమీటర్లే నల్లగా రావాలి, అక్కణ్నుంచి చివరిదాకా ఉన్న పాత వెంట్రుక తెల్లగానే ఉండిపోవాలి. అంటే ‘తర్వాత’ ఫోటోలో ఉన్న మనిషి పాపిట దగ్గర నల్లగా, భుజాల మీద తెల్లగా, సగం సగం వికారంగా కనిపించాలి. అలాంటి ఫోటో ఒక్కటంటే ఒక్కటి ఏ ప్రకటనలోనైనా చూశారా? అన్నిటిలోనూ కుదురు నుంచి కొస దాకా నిగనిగలాడే నలుపే. జడ పొడవునా నలుపు వచ్చిందంటే అది మందు కాదు, రంగు. లేదా ఫోటో మహిమ. నిజమైన మందుకు అందవికారమైన ఫోటోనే సాక్ష్యం. ఈ మాట చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు కదండీ.

ఇంతా చెప్పి, నెరిసిన వెంట్రుక ఎన్నటికీ తిరిగి నల్లబడదు అని కూడా అనలేను. ఎందుకంటే నా తలలోనే ఒకటి దొరికింది. దువ్వెనలో వచ్చింది. కొస తెల్లగా, కుదురు వైపు రెండు వేళ్ల మేర నల్లగా ఉంది. అప్పుడు నేను సీరం వాడుతున్నాను. ఎగిరి గంతేసి, ఇంకో మూడు సీసాలు ఒకేసారి తెప్పించాను. సీరం మానేసిన తర్వాత కూడా అలాంటిదే ఇంకొకటి రాలింది. 2021లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన గురించి చదివాకే దాని సంగతి అర్థమైంది. పద్నాలుగు మంది వెంట్రుకలను నిలువునా, ముక్క ముక్కగా పరిశీలించి చూస్తే, ఏ మందూ లేకుండానే కొన్ని వెంట్రుకలు తెల్లబడి మళ్లీ నల్లబడ్డాయి. ఒకరికైతే సెలవు మీద వెళ్లిన రోజులకు సరిగ్గా సరిపోయేలా అయిదు వెంట్రుకలు రంగు పుంజుకున్నాయి. అప్పుడప్పుడే నెరుపు గడప దాటుతున్న వెంట్రుక మాత్రమే అలా వెనక్కి రాగలదనీ, ఏళ్ల తరబడి నెరిసి ఉన్నదానికి ఆ ఆశ లేదనీ వాళ్ల అంచనా. లక్ష వెంట్రుకల తలలో ఇలాంటివి నాలుగు తిరిగొస్తే, ఆ నాలుగింటినీ సీసా తన ఖాతాలో వేసుకుంటుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం. నాలాంటివాళ్లు ఆ పండు చూసే మూడు సీసాలు తెప్పిస్తారు.

మందులతో రంగు తిరిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇమాటినిబ్ అనే రక్త క్యాన్సర్ మందు వాడిన 133 మందిలో తొమ్మిది మందికి నెరిసిన జుట్టు నల్లబడిందని 2002లో రాశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే కొన్ని ఇమ్యూనోథెరపీ మందులతోనూ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి) అలా జరిగింది. అవి ప్రాణం మీదికొచ్చినప్పుడు ఇచ్చే మందులు, జుట్టు కోసం వాడేవి కావు. కాకపోతే కుదురులో దారి పూర్తిగా మూసుకుపోలేదని వాటివల్ల తెలిసింది. పరిశోధకులు ఆ దారి వెతుకుతున్నారు. 2020లో హార్వర్డ్ వాళ్లు ఒత్తిడికి ఎలుకల్లో రంగు మూలకణాలు ఎలా ఖాళీ అవుతాయో చూపించారు, 2023లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ కణాలు వయసుతో ఎలా ఒకేచోట ఇరుక్కుపోతాయో చూపించారు. అదీ ఎలుకల్లోనే. నా సీరం డబ్బా మీద ‘అంతర్జాతీయ పరిశోధనల ఆధారంగా’ అని ఉంది. ఎలుకకు జరిగింది నాకు అమ్ముతున్నారు, ఎలుక మీద కూడా ఆ సీరం రాసి చూసినట్టు లేదు.

డబ్బు పోతే పోయింది, అసలు భయం వేరే. మా చెల్లికి కూడా చిన్న వయసులోనే నెరిసింది, నాకు పనిచేయని నూనె తనకు పనిచేస్తుందేమోనని ఏడాది రాసుకుంది. తీరా రక్తపరీక్ష చేయిస్తే బీ12 బాగా తక్కువ. చేతులు తిమ్మిర్లు ఎక్కుతున్నా అది దీనికి సంబంధించిందని తట్టలేదు. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య లాంటివి ఉంటే జుట్టు ముందుగా నెరవచ్చు. వాటికి వైద్యం చేస్తే కొందరికి రంగు తిరిగొస్తుంది కూడా. తిరిగొచ్చే అవకాశం ఉన్న ఆ కొద్దిమందినే ఈ సీసాలు డాక్టరు గుమ్మం ఎక్కకుండా ఆపుతున్నాయి.

అదే చెల్లి తర్వాత ‘వందశాతం మూలికలు’ అని రాసున్న పొడి కలిపి పెట్టుకుంది. మర్నాడు పొద్దున కళ్లు తెరవలేకపోయింది, రెప్పలు వాచి పూడుకుపోయాయి. దాన్లో నల్లరంగు వేసే పీపీడీ అనే రసాయనం ఉందని డాక్టరమ్మ అనుమానించారు, చర్మం మీద కొద్దిగా అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేస్తే పీపీడీకే ఎర్రగా పొంగింది. యూరప్‌లో తలకు పట్టించే మిశ్రమంలో అది రెండు శాతం మించకూడదని పరిమితి పెట్టి, హెచ్చరిక రాసి మరీ అమ్ముతారు. రంగు అని చెప్పి అమ్మి ఉంటే తను ముందు చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు ఆగేది. మూలికలే కదా అని ఆగలేదు.

రంగు వేసుకోవడం మీద నాకే అభ్యంతరమూ లేదు మంత్రి గారూ. నేనూ వేసుకుంటాను, పెళ్లిళ్ల సీజన్ లేకపోయినా వేసుకుంటాను. రంగును రంగు అని అమ్మమంటున్నాను.

ఇదే విషయం రాసి ఒక కార్యాలయానికి ఫిర్యాదు పంపాను. ఇది సౌందర్య సాధనం, మందు కాదు, మా పరిధిలోకి రాదు అన్నారు. రెండో కార్యాలయానికి పంపితే ఇది ఆరోగ్యానికి సంబంధించిన హామీ, మొదటివాళ్లనే అడగండి అన్నారు. సీసాకు ఈ సందే కావాలి. అమ్మేటప్పుడు మందులా మాట్లాడుతుంది, పట్టుకుంటే అలంకరణ సామగ్రి అంటుంది.

ఈ సందు మీరు మూయగలరు. ‘నల్లబడుతుంది’, ‘తిరిగొస్తుంది’, ‘కుదుళ్ల నుంచి’ లాంటి మాటలు వాడదలచుకున్నవాళ్లు అమ్మకానికి ముందే సాక్ష్యం చూపించాలని నిబంధన పెట్టండి. సాక్ష్యమంటే సినిమా తార నవ్వు కాదు. ఒకే చోట జుట్టును పొట్టిగా కత్తిరించి, మందు రాసినవాళ్లనూ ఉత్త నీళ్లలాంటిది రాసినవాళ్లనూ వేరువేరుగా, ఎవరికి ఏది ఇచ్చారో లెక్కపెట్టేవాళ్లకు తెలియకుండా, కనీసం ఆరు నెలలు చూసి, కొత్తగా మొలిచిన వెంట్రుకల్లో నల్లవెన్నో తెల్లవెన్నో లెక్క చెప్పడం. కష్టమైన లెక్కేం కాదు. చూపించలేనివాళ్లు ఆ క్రియాపదం తీసేసి ‘రంగు’ అని ముందు వైపే, కళ్లజోడు లేకుండా చదవగలిగే అక్షరాల్లో రాయాలి. పీపీడీ ఉంటే అదీ పక్కనే రాయాలి. ఫోన్‌లో వీడియోలు చేసి అమ్మిపెట్టేవాళ్లకూ ఇదే వర్తించాలి, ఎందుకంటే మా చెల్లి ఆ పొడి కొన్నది అలాంటి వీడియో చూసే.

విచారణకు పనికొస్తాయనుకుంటే నా ఏడు సీసాలూ డబ్బాలూ మీ కార్యాలయానికి పంపిస్తాను. కాగితంలో మడిచి దాచిన ఆ సగం తెలుపు సగం నలుపు వెంట్రుక కూడా. ఊపి రాసుకునే సీసాకు మూత గట్టిగా బిగించే పంపుతాను గానీ, తెరిచేవాళ్లను కాస్త జాగ్రత్తగా తెరవమనండి. దాని మరక బట్టల మీద పడితే పోవడం లేదు.

ఇట్లు,
కణతలు నెరిసిన ఒక వినియోగదారు